డిజిటల్ మార్కెటింగ్ సెమినార్లకి వెళ్లాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు

వాట్సాప్‌లో, ఫోన్లలో మళ్లీ మళ్లీ ఇవే డౌట్లు వస్తున్నాయి, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఎక్కువగా హైదరాబాద్‌లో జరిగే ఈవెంట్లని మనసులో పెట్టుకుని రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

యూట్యూబ్‌లో అన్నీ ఫ్రీగా దొరుకుతున్నాయి కదా, డబ్బులు పెట్టి సెమినార్‌కి ఎందుకు వెళ్లాలి?

పాఠం కోసమే అయితే వెళ్లక్కర్లేదు, నిజంగానే చెప్తున్నా. గూగుల్ యాడ్స్ ఎలా పెట్టాలి, ఇన్‌స్టా రీల్స్ ఎలా చేయాలి లాంటివన్నీ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, తెలుగులో కూడా చాలా ఉన్నాయి. సెమినార్‌లో దొరికేది వేరే. మీ సమస్య లాంటి సమస్యతోనే తంటాలు పడుతున్న మనుషులు ఒకే హాల్లో దొరుకుతారు. ఒకసారి లంచ్ లైన్లో నేను దగ్గరుండి చూసిన సంగతి చెప్తా. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, యాడ్స్ బానే పనిచేస్తున్నాయి, కానీ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు చాలావరకు వెనక్కి వచ్చేస్తున్నాయి, రానూపోనూ కొరియర్ ఖర్చులకే లాభం పోతోంది అని బాధపడుతున్నారు. వెనకాల నిలబడ్డ ఒకాయన చేనేత చీరలు అమ్మేవాడు, "మేడమ్, మేము పార్సిల్ పంపేముందు వాట్సాప్‌లో అడ్రస్ కన్ఫర్మ్ చేయించుకుని వంద రూపాయలు అడ్వాన్స్ తీసుకుంటాం, వంద కట్టినవాళ్లు పార్సిల్ వద్దనరు" అన్నాడు. ఆవిడ ప్లేటు పక్కన పెట్టి అక్కడికక్కడే ఆ మెసేజ్ ఎలా రాస్తారో ఫోన్లో చూపించమని అడిగి ఫోటో తీసుకున్నారు. స్టేజీ మీద ఆ రోజు చెప్పినవాటిలో ఆవిడకి అంత పనికొచ్చింది ఇంకోటి లేదు. టికెట్ డబ్బులు పెట్టేది ఇలాంటి మాటల కోసం.

నాకు ఇంకా బేసిక్సే రావు, ఇప్పుడు వెళ్తే ఏమైనా అర్థమవుతుందా?

ఏమీ తెలియకుండా వెళ్తే ఆ రోజంతా వినడంతోనే అయిపోతుంది, ప్రశ్న అడగడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ముందు ఒకటి రెండు నెలలు మీ సొంతంగా ఏదో ఒకటి చేయండి, చిన్న ఇన్‌స్టా పేజీ నడపండి, లేకపోతే మీ ఊళ్లో తెలిసినవాళ్ల షాపుకి గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ పెట్టి ఫోటోలు ఎక్కించి రివ్యూలు రాబట్టండి, వీలైతే 500 రూపాయలతో ఒక యాడ్ నడిపి చూడండి. ఎక్కడ ఇరుక్కుపోయారో అప్పుడు తెలుస్తుంది. అలా ఇరుక్కుని వచ్చినవాళ్లకే సెమినార్ బాగా ఉపయోగపడుతుంది.

నాకు ఇంగ్లీష్ అంతంత మాత్రమే, అక్కడ నవ్వుతారేమో అని భయంగా ఉంది

నవ్వరండి. స్టేజీ మీద ఇంగ్లీష్ నడుస్తుంది కానీ టీ దగ్గర, లంచ్ దగ్గర సగం మంది తెలుగు, హిందీనే మాట్లాడతారు. ప్రశ్న తెలుగులో అడిగితే స్పీకర్‌కి తెలుగు రాకపోయినా పక్కన ఎవరో ఒకరు లేచి ఇంగ్లీష్‌లో చెప్తారు. పైగా ఈ ఫీల్డ్‌లో తెలుగులో యాడ్ కాపీ, అంటే యాడ్‌లో ఉండే మాటలు, బాగా రాయగలిగినవాళ్లకి మంచి డిమాండ్ ఉంది, జిల్లాల్లో షోరూములు, హాస్పిటళ్లు, స్కూళ్లు అన్నిటికీ తెలుగు కంటెంట్ కావాలి, ఏజెన్సీలకి ఆ మనుషులు దొరకట్లేదు. "తెలుగు కంటెంట్ రాస్తాను" అని పరిచయం చేసుకోండి, మీ దగ్గరికే వస్తారు.

మాది జిల్లా ఊరు, ఒక్క రోజు ఈవెంట్ కోసం హైదరాబాద్ దాకా రావడం గిట్టుబాటు అవుతుందా?

అదొక్కదాని కోసమే అంటే కష్టమే. టికెట్, చార్జీలు, రాత్రి బస, షాపు మూసినందుకు పోయే వ్యాపారం అన్నీ కలిపి లెక్కేసుకోండి. నా సలహా ఏంటంటే అదే రోజు సాయంత్రమో మర్నాడో ఇంకో రెండు పనులు పెట్టుకోండి, ఒక హోల్‌సేల్ పార్టీని కలవడమో, ఆన్‌లైన్‌లోనే పరిచయమైన క్లయింట్‌ని ఒకసారి మొహం చూసి మాట్లాడటమో. మొదటిసారి అయితే వైజాగ్‌లోనో విజయవాడలోనో దగ్గర్లో చిన్న మీటప్ ఏదైనా ఉంటే దానితో మొదలుపెట్టడం ఇంకా మంచిది.

## ఏది మంచిదో తేల్చుకునేటప్పుడు

99 రూపాయల వర్క్‌షాప్ అని యాడ్స్ వస్తున్నాయి, అవి మోసమా?

అన్నీ మోసం అనను. కానీ అది ఎలా పనిచేస్తుందో తెలిసి వెళ్లండి. 99 అనేది వాళ్లకి లాభం కాదు, మిమ్మల్ని పట్టుకురావడానికి అయిన యాడ్ ఖర్చులో కొంత రాబట్టుకోవడానికే. అసలు అమ్మకం లోపల ఉంటుంది, మూడు గంటల్లో రెండు గంటలు ఎందుకు నేర్చుకోవాలో చెప్పి, చివరి గంటలో వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో ఉండే మెంటర్‌షిప్ ప్రోగ్రాం పెడతారు. ఈ ఫీల్డ్‌లో దాన్నే ఫనెల్ అంటారు. కొంతమంది నిజంగానే ఆ మూడు గంటల్లో పనికొచ్చేది చెప్తారు, అలాంటివాళ్లు ఉన్నారు. 99 పెట్టి ఫనెల్ ఎలా కట్టారో గమనించి రావడం కూడా ఒక పాఠమే, ఏ మెసేజ్ ఎప్పుడు పంపారు, ఎక్కడ ఆఫర్ చెప్పారు, ఎన్నిసార్లు ఫోన్ చేశారు, అన్నీ రాసుకోండి.

మంచి సెమినార్ అని ముందే ఎలా కనుక్కోవాలి?

నేను మొదట చూసేది టైమ్‌టేబుల్. ఎన్ని గంటలకి ఎవరు ఏ టాపిక్ మాట్లాడతారో స్పష్టంగా రాసి ఉందా, లేక "మీ జీవితం మారిపోతుంది" అన్న మాటలే ఉన్నాయా? తర్వాత స్పీకర్ల పేర్లు లింక్డ్‌ఇన్‌లో వెతకండి. వాళ్లు ఏ కంపెనీకో, ఏ బ్రాండ్‌కో పని చేశారా, లేక మార్కెటింగ్ నేర్పించడమే వాళ్లు చేసిన ఒకే ఒక్క మార్కెటింగా అన్నది చూడండి. పోయిన ఏడాది ఇదే ఈవెంట్‌కి వెళ్లినవాళ్లు ఇద్దరిని పట్టుకుని మెసేజ్ పెట్టండి, చాలామంది జవాబిస్తారు.

ఇంకోటి, సబ్జెక్ట్ పాతదా కొత్తదా అన్నది. వెబ్‌సైట్‌కి ఎంతమంది వచ్చారో లెక్క చూపించే గూగుల్ యూనివర్సల్ ఎనలిటిక్స్ 2023 జులై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది, ఇప్పుడంతా గూగుల్ ఎనలిటిక్స్ 4. స్పీకర్ శాంపిల్ వీడియోలో ఇంకా పాత స్క్రీన్లే చూపిస్తుంటే ఆయన స్లైడ్లు మార్చి చాలా రోజులైందని అర్థం. అలాగే మన దేశంలో 2024 ఆగస్టు నుంచి గూగుల్ సెర్చ్‌లో ఏఐ ఓవర్‌వ్యూస్, అంటే ఏఐ రాసిచ్చే జవాబులు, వస్తున్నాయి, జవాబు పైనే కనిపిస్తే జనం కింద లింకులు నొక్కడం తగ్గుతుంది కాబట్టి ఎస్‌ఈఓ (గూగుల్ సెర్చ్‌లో మన సైట్ పైకి వచ్చేలా చేయడం) గురించి మాట్లాడేవాళ్లు దాని ఊసే ఎత్తకపోతే ఆ సెషన్ మీకు అనవసరం.

మీటప్, వర్క్‌షాప్, కాన్ఫరెన్స్ అంటారు, తేడా ఏంటి?

మీటప్ అంటే సాయంత్రం ఒక రెండు గంటలు, తక్కువమంది, ఎక్కువగా ఫ్రీ. వర్క్‌షాప్‌లో ల్యాప్‌టాప్ తెచ్చుకుని మీ చేత్తో చేస్తారు. కాన్ఫరెన్స్ అంటే పెద్ద హాలు, చాలామంది స్పీకర్లు, స్పాన్సర్ల స్టాళ్లు. పని నేర్చుకోవాలంటే వర్క్‌షాప్, మనుషులు కావాలంటే మీటప్. కాన్ఫరెన్స్‌కి కాస్త అనుభవం వచ్చాక వెళ్లండి.

విదేశాల్లో పెద్ద కాన్ఫరెన్సులు ఉంటాయంట, వాటికి వెళ్లడం అవసరమా?

మొదలుపెట్టేవాళ్లకి అవసరం లేదు. అక్కడే ఉంటున్న మనవాళ్లు మాత్రం వదులుకోకండి. ఇంగ్లండ్‌లో బ్రైటన్‌ఎస్‌ఈఓ అని ఉంది, 2010లో ఒక పబ్ మేడ మీద గదిలో కొద్దిమందితో మొదలై ఇప్పుడు వేలమంది వచ్చే ఈవెంట్ అయింది, యూకేలో చదువుకుంటున్న మన పిల్లలకి ఉద్యోగం వెతుక్కునే టైములో మంచి చోటు. ఇంకోటి వర్డ్‌క్యాంప్, వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లందరి ఈవెంట్, 2006లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో, మన దేశంలో కూడా చాలా ఊళ్లలో జరుగుతుంది. వాలంటీర్లు నడుపుతారు, ఖర్చంతా దాదాపు స్పాన్సర్లు భరిస్తారు కాబట్టి టికెట్ చాలా తక్కువ. వాలంటీర్‌గా చేరితే రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చుని వచ్చిన ప్రతివాళ్లనీ పలకరించొచ్చు, కొత్తవాళ్లకి పరిచయాలు పెంచుకోవడానికి అంతకంటే తేలిక దారి లేదు.

ఫ్రెండ్ "డిజిటల్ బిజినెస్ సెమినార్" అని పిలుస్తున్నాడు, వివరాలు చెప్పట్లేదు. ఎంఎల్ఎం (మన కింద మనుషుల్ని చేర్పిస్తే డబ్బులొస్తాయనే గొలుసు స్కీము) మీటింగ్ అయితే ఎలా గుర్తుపట్టాలి?

వివరాలు చెప్పకుండా "ముందు నువ్వు రా, వచ్చాక నీకే అర్థమవుద్ది" అన్నారంటేనే అనుమానించాలి. అక్కడ ఏ వస్తువు, ఏ సర్వీసు, ఎవరికి అమ్ముతున్నారు అని అడగండి. వస్తువు గురించి కాకుండా మీ కింద ఎంతమందిని చేర్చాలి అన్న దాని గురించే మాట్లాడితే బయటికి వచ్చేయండి. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ ప్రకారం చేరడానికి ఎంట్రీ ఫీజు తీసుకోకూడదు, పిరమిడ్ స్కీములు నడపకూడదు. మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీముల మీద 1978 నుంచే నిషేధ చట్టం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు వీటిలో పడి అప్పులపాలవుతున్నారు. దయచేసి మీ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి కూడా చెప్పండి.

## టికెట్, ప్రయాణం

టికెట్ బుక్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

చూపించిన రేటులో జీఎస్టీ కలిసి ఉందో లేదో చూడండి, ట్రైనింగ్ లాంటి సర్వీసులకి 18 శాతం పడుతుంది, 5,000 అనుకున్నది చివర్లో 5,900 అవుతుంది. మీ వ్యాపారానికి జీఎస్టీ నంబర్ ఉంటే బుకింగ్ అప్పుడే ఇచ్చేయండి, తర్వాత ఇన్‌వాయిస్ మార్చమంటే తిప్పుతారు. ఆ పన్ను వెనక్కి వస్తుందా రాదా అన్నది, ముఖ్యంగా మీ రిజిస్ట్రేషన్ ఆంధ్రాలో ఉండి ఈవెంట్ తెలంగాణలో అయితే, మీ ఆడిటర్‌ని అడగండి. వెళ్లలేకపోతే రీఫండ్ ఉందా, టికెట్ వేరేవాళ్ల పేరు మీదకి మార్చొచ్చా అన్నవి చదివి ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

హైటెక్ సిటీ వైపు ఈవెంట్ అంటే పొద్దున్నే ఎలా చేరుకోవాలి?

చాలా ఈవెంట్లు మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి చుట్టుపక్కలే, హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లోనో, స్టార్టప్‌ల టీ-హబ్‌లోనో, ఏదో ఒక హోటల్లోనో పెడతారు. పొద్దున 9 దాటితే అటు రోడ్డు మీద కదలడం కష్టం, మెట్రో ఎక్కండి. రైల్లో సికింద్రాబాద్ దిగితే సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్ నుంచి బ్లూ లైన్ నేరుగా హైటెక్ సిటీ, రాయదుర్గం వెళ్తుంది. విజయవాడ బస్సులో వచ్చి ఎల్బీ నగర్‌లో దిగినవాళ్లు రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో మారాలి.

## వెళ్లేముందు తయారీ

ఏమేం తీసుకెళ్లాలి, విజిటింగ్ కార్డ్ కొట్టించుకోవాలా?

కార్డు ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు, లింక్డ్‌ఇన్ యాప్‌లో మన ప్రొఫైల్‌కి క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని ఫోన్లో పైకే పెట్టుకోండి, హాల్లో నెట్ సరిగ్గా రాదు. పవర్ బ్యాంక్, చిన్న నోట్‌బుక్, పెన్ను. ఏసీ బాగా చలి పెడుతుంది, ఒక స్వెటర్.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ నంబర్లు. పోయిన నెల యాడ్స్‌కి ఎంత పెట్టారు, ఎన్ని లీడ్స్ (యాడ్ చూసి నంబర్ ఇచ్చినవాళ్లు) వచ్చాయి, ఒక్కో లీడ్‌కి ఎంత పడింది, అందులో ఎంతమంది కొన్నారు, ఇవి ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. "సార్, నా యాడ్స్ వర్క్ అవ్వట్లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. "పది వేలు పెడితే 80 లీడ్స్ వచ్చాయి, ఫోన్ చేస్తే 60 మంది ఎత్తలేదు" అంటే అవతలి మనిషి వెంటనే "లీడ్ వచ్చిన ఎంతసేపటికి ఫోన్ చేస్తున్నారు?" అని అడుగుతాడు. అక్కడి నుంచి అసలు సంభాషణ మొదలవుతుంది.

## ఆ రోజు హాల్లో

కొత్తవాళ్లతో మాట ఎలా మొదలుపెట్టాలి? నాకు చాలా మొహమాటం

మొహమాటం ఉన్నవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఇదొక్కటి చేసినా చాలు. అరగంట ముందు వెళ్తే హాల్లో తక్కువమంది ఉంటారు, అందరూ ఒంటరిగానే ఉంటారు, ఎవరైనా పలకరిస్తే బాగుండు అనుకుంటూ ఉంటారు. పదకొండింటికి చూస్తే అందరూ గుంపులు కట్టేసి ఉంటారు, అప్పుడు దూరడం కష్టం. మొదటి మాటగా "ఎక్కడి నుంచి వచ్చారండి?" చాలు. మన దగ్గర ఊరు పేరు చెప్తే ఇంకో నాలుగు మాటలు వాటంతటవే వచ్చేస్తాయి. తర్వాత "మీరు ఏం అమ్ముతారు, కస్టమర్లు ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తారు?" అని అడగండి, వాళ్ల పని గురించి అడిగితే ఎవరైనా సంతోషంగా చెప్తారు. మీ గురించి చెప్పుకునేటప్పుడు హోదాలు వద్దు. "నేను డిజిటల్ మార్కెటర్‌ని" అంటే ఆ హాల్లో అందరూ అదే. "కరీంనగర్‌లో డెంటల్ క్లినిక్‌లకి గూగుల్ నుంచి పేషెంట్లు వచ్చేలా చేస్తాను" అంటే గుర్తుంటారు. తర్వాత ఎవరికైనా డెంటిస్ట్ క్లయింట్ దొరికితే మీకే ఫోన్ వస్తుంది.

తెలిసినవాళ్లతో కలిసి వెళ్తే మాత్రం లోపల విడిగా కూర్చోండి. ఫ్రెండ్స్ ముగ్గురూ వచ్చి ముగ్గురూ ఒకే చోట కూర్చుని ఒకే చోట తిని వెళ్లిపోవడం చూస్తుంటే నాకు బాధేస్తుంది.

స్పీకర్‌తో మాట్లాడాలంటే ఎప్పుడు వెళ్లాలి?

సెషన్ అవ్వగానే స్టేజీ కింద సెల్ఫీల గుంపు ఉంటుంది, అప్పుడు వద్దు. మధ్యాహ్నం తర్వాత టీ టైములో కాస్త తీరిగ్గా ఉంటారు. ఆయన చెప్పినదాంట్లో ఒక పాయింట్ పట్టుకుని రెండు వాక్యాల్లో అడగండి. ఫ్రీగా మీ అకౌంట్ చూసిపెట్టమని అడగొద్దు.

అన్నీ రాసుకోవాలా? స్లైడ్లు ఫోటో తీసుకుంటే సరిపోదా?

ఫోటోలు గ్యాలరీలోనే ఉండిపోతాయి. పేజీని మధ్యలో గీత గీసి ఎడమవైపు విన్నది, కుడివైపు "నా షాపులో దీన్ని ఎక్కడ వాడతాను" అన్నది రాయండి. కుడివైపు ఖాళీగా ఉంటే ఆ పాయింట్ మీకు అక్కర్లేనిదని వదిలేయొచ్చు.

నేను ఆడపిల్లని, ఒక్కదాన్నే వెళ్లొచ్చా?

వెళ్లొచ్చమ్మా, ఇప్పుడు చాలామంది వస్తున్నారు. బ్యాడ్జి మీద ఫోన్ నంబర్ రాయకండి, వ్యాపారానికి వేరే వాట్సాప్ బిజినెస్ నంబర్ పెట్టుకుని అదే ఇవ్వండి. ఈవెంట్ తర్వాత రాత్రి పార్టీకి వెళ్లకపోతే పరిచయాలు పోతాయేమో అనుకోకండి, లంచ్ టైములో అయ్యే పరిచయాలే గట్టివి. ఆడవాళ్ల మధ్యే మొదలుపెట్టాలనిపిస్తే తెలంగాణ ప్రభుత్వం మహిళా వ్యాపారుల కోసం 2018లో మొదలుపెట్టిన వీ-హబ్ ఉంది, వాళ్ల ప్రోగ్రాములు గమనిస్తూ ఉండండి.

## కోర్సులు అమ్మడం మొదలుపెట్టినప్పుడు

"ఇవాళ హాల్లోనే కడితే లక్ష రూపాయల కోర్సు 30 వేలకే" అంటున్నారు, తీసుకోవాలా?

హాల్లో కట్టకండి. కోర్సు మంచిదైనా సరే, హాల్లో మాత్రం వద్దు. మ్యూజిక్ పెట్టి, ముందు వరసలోవాళ్లు లేచి పరిగెత్తుతుంటే, "ఇంకా ఐదు సీట్లే" అంటుంటే ఎంత తెలివైనవాళ్లకైనా ఆలోచన ఆగిపోతుంది, అది అందుకోసమే చేస్తారు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలా లేని తొందర సృష్టించడాన్ని 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కస్టమర్‌ని మాయచేసే ఎత్తులు) గైడ్‌లైన్స్‌లో తప్పుగా లెక్కేశారు. "రేపు పొద్దున ఇదే రేటుకి ఇస్తారా, రాసివ్వండి" అని అడగండి. ఒప్పుకోలేదంటే వాళ్లకి మీ ఆలోచన అక్కర్లేదు, మీ కార్డు కావాలి. ఇంటికెళ్లి, ఆ కోర్సు చేసినవాళ్లతో, అది కూడా వాళ్లు చూపించినవాళ్లతో కాకుండా మీరు వెతికి పట్టుకున్నవాళ్లతో మాట్లాడి అప్పుడు తేల్చుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు, నెలకి మూడు వేలే కదా?

అది ఫీజు వాయిదా కాదు, చాలావరకు మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోన్. కోర్సు అమ్మినవాళ్లకి డబ్బు ముందే వెళ్లిపోతుంది, రేపు కోర్సు నచ్చకపోయినా, మధ్యలో ఆపేసినా మీరు ఈఎంఐ కట్టాల్సిందే, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది, తర్వాత ఇంటి లోన్ దగ్గర ఇబ్బంది. అక్కడ ఎవరో ట్యాబ్ తెచ్చి పాన్, ఆధార్ ఓటీపీ అడిగితే అది లోన్ అప్లికేషన్ అని అర్థం చేసుకోండి. పొరపాటున అయిపోతే ఆ రోజే లోన్ పేపర్లు తీసి కూలింగ్ ఆఫ్ పీరియడ్ (లోన్ వద్దనుకుని వెనక్కి తగ్గే గడువు) ఎన్ని రోజులో చూడండి, రిజర్వ్ బ్యాంక్ నియమాల ప్రకారం డిజిటల్ లోన్లకి అది ఉండాలి, ఆ గడువులోపు తీసుకున్న అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు.

కట్టేశాను, చెప్పింది ఒకటి ఇచ్చేది ఒకటి. డబ్బులు వెనక్కి వస్తాయా?

ముందు మెయిల్‌లో రాతపూర్వకంగా రీఫండ్ అడగండి, ఫోన్లో మాట్లాడితే రుజువు ఉండదు. యాడ్ స్క్రీన్‌షాట్లు, సేల్స్ వాళ్ల వాట్సాప్ మెసేజీలు, రసీదు అన్నీ దాచండి. తర్వాత నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, కంపెనీతో వాళ్లే మాట్లాడతారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు.

## ఇంటికి వచ్చాక

పరిచయమైనవాళ్లకి ఎప్పుడు, ఏమని మెసేజ్ పెట్టాలి?

రెండు రోజుల్లోపు పెట్టండి, తర్వాత మొహాలు మర్చిపోతారు. "హాయ్ సార్, నైస్ మీటింగ్ యూ" అని అందరికీ ఒకటే మెసేజ్ పంపకండి. మాట్లాడుకున్న విషయం గుర్తుచేసి వాళ్లకి పనికొచ్చేది ఒకటి ఇవ్వండి: "అన్నా, లంచ్‌లో కొరియర్ రేట్ల గురించి అడిగావు కదా, మేము వాడే వాళ్ల రేట్ కార్డు పంపుతున్నా చూడు." బదులుగా ఏమీ అడగొద్దు అప్పుడే. ఈవెంట్ వాట్సాప్ గ్రూపులో మీ సర్వీసుల పోస్టర్లు వేయడం కూడా వద్దు, నంబర్లన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి బల్క్ మెసేజీలు కొట్టడం అసలే వద్దు, నమ్మి నంబర్ ఇచ్చినవాళ్లకి అది చేసే అన్యాయం.

నోట్‌బుక్ నిండా రాసుకున్నా, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు

ఒక్కటే తీసుకోండి. ఈ వారంలో, పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగింది. అది మొదలుపెట్టకముందు మీ నంబరు ఎంత, నెల తర్వాత ఎంత అని రాయండి. రెండోది ఆ తర్వాతే.

సెమినార్ సర్టిఫికెట్‌తో ఉద్యోగం వస్తుందా?

వచ్చారు, కూర్చున్నారు అని చెప్పేది ఆ సర్టిఫికెట్, అంతవరకే. దానికంటే గూగుల్ వాళ్ల ట్రైనింగ్ సైట్ స్కిల్‌షాప్‌లో యాడ్స్ పరీక్ష ఫ్రీగా రాసి పాసవ్వండి, అది ఏడాది పనిచేస్తుంది, మళ్లీ రాసుకోవచ్చు. హబ్‌స్పాట్ అకాడమీలో కూడా ఫ్రీ కోర్సులు ఉన్నాయి. ఇంటర్వ్యూలో మాత్రం మీరు నడిపిన పేజీ, పెట్టిన ఖర్చు, వచ్చిన ఫలితం చూపించమంటారు.

మళ్లీ ఎప్పుడు వెళ్లాలి?

పోయినసారి నేర్చుకున్న ఒక్కటైనా అమల్లో పెట్టి, దాన్నుంచి కొత్త ప్రశ్న పుట్టినప్పుడు. ఈసారి మీ అనుభవం మీద పది నిమిషాలు మాట్లాడతానని చిన్న మీటప్ నడిపేవాళ్లని అడిగి చూడండి, వాళ్లకి ఎప్పుడూ స్పీకర్లు తక్కువే. మీ నంబర్లు నిజాయితీగా పెట్టి, ఏది పనిచేసింది ఏది చేయలేదు అని తెలుగులో చెప్తే చాలు. మాట్లాడి కిందికి దిగాక పలకరించడానికి జనమే మీ దగ్గరికి వస్తారు, మొహమాటస్తులకి మరీ హాయి.